బుంగమూతిలో బుంగ ఏది?

ప్రశ్న: టీచరమ్మ గారికి నమస్కారం. మా కోడలు ఒడియా అమ్మాయి, కటక్ పిల్ల. మనవరాలికి నాలుగేళ్ళు. మొన్న అడిగిన గౌను తొడగలేదని గుంట గుమ్మంలో కూర్చుని మూతి ముడుచుకుంటే, ‘ఏటే, బుంగమూతి ఎట్టీసినావు?’ అన్నాను. కోడలు ‘బుంగ అంటే ఏంటత్తయ్యా?’ అని అడిగింది. నీళ్ళ కుండ అని చెప్పాను. మా అబ్బాయి ఒప్పుకోడు. చెరువు గట్టుకి బుంగ పడింది అంటామే, ఆ బుంగే ఇది, నోరు తెరిచి ఏడవబోతున్న మొహం అని వాడి వాదన. ఒడియాలో దీన్ని ‘ముహఁ ఫులేఇబా’ అంటారని కోడలు చెబుతోంది. అదీ ఇదీ ఒకటేనా? మా ముగ్గురిలో ఎవరిది రైటు?
– ఒక పాఠకురాలు, గుణుపూర్

జవాబు: మీ మాటే రైటమ్మా. బుంగమూతిలో ఉన్నది నీళ్ళ బుంగే. కోడలు చెప్పిన ఒడియా మాట దానికి బాగా దగ్గరది, కానీ తేడా ఉంది. దాని సంగతి తర్వాత చెబుతాను.

ముందు మీ అబ్బాయి సందేహం తీరుద్దాం, ఎందుకంటే అది తీసిపారేసేది కాదు. మన భాషలో బుంగ అనే పలుకు రెండు పనులు చేస్తోంది. ఒకటి పాత్ర. మట్టి బుంగ, ఇత్తడి బుంగ, రాగి బుంగ అంటాం. మెడ సన్నంగా, పొట్ట గుండ్రంగా, మూతి అంచు బయటికి తిరిగి ఉంటుంది. రెండోది గట్టుకి పడే కన్నం. ఎలకలో పీతలో తొలిచిన చిన్న బొక్కలోంచి నీరు దారి చేసుకుంటుంది, లోపల్లోపల మట్టిని కోసుకుంటూ పోతుంది, ఒక రాత్రికి గట్టే జారిపోతుంది. వంశధార కాలవల కింద సాగు చేసే వాళ్ళకి ఈ రెండో బుంగ పేరు వింటేనే టెన్షన్. మీ అబ్బాయికి అదే ముందు గుర్తొచ్చిందంటే, ఆ మాట ఎక్కువగా విన్నది వానాకాలంలోనేమో.

కానీ బుంగమూతి పెట్టిన పిల్లని ఒకసారి దగ్గరగా చూడమనండి. నోరు తెరిచి ఉండదు. గట్టిగా మూసి ఉంటుంది. కన్నం లాంటి నోరైతే అది ఏడుపు మొహం. ఏడుపు మొదలైందంటే బుంగమూతి అయిపోయినట్టే. గాలి బిగబట్టి, పెదవులు ముందుకి తోసి, బుగ్గలు ఉబ్బించి, చూపు పక్కకో నేలకో తిప్పేసి కూర్చోవడమే బుంగమూతి. మూసుకున్న నోటికి కన్నం పేరు ఎవరూ పెట్టరు.

ఇక మీరు కుండ అన్నారు, సరే. కుండలో ఏ భాగం? ఈ ప్రశ్న మీరు అడగలేదు గానీ అసలు రుచి అక్కడే ఉంది. బడిలో నేను సమాసాలు చెప్పేటప్పుడు ఈ మాటని బోర్డు మీద రాసి పిల్లల్నే విడదీయమనేదాన్ని. కొందరు ‘బుంగ వంటి మూతి’ అనేవారు. తేనెమాట అంటే తేనె వంటి మాట అన్నట్టు, ఉపమాన పూర్వపద కర్మధారయం. ఇంకొందరు ‘బుంగ యొక్క మూతి’ అనేవారు, షష్ఠీ తత్పురుషం. పరీక్షలో మొదటిదానికే మార్కులు. అయితే రెండో జవాబు చెప్పిన పిల్లల్ని నేను ఎప్పుడూ తప్పని కూర్చోబెట్టలేదు. కుండకీ మూతి ఉంటుంది, సీసాకీ మూతి ఉంటుంది. నీళ్ళ బుంగ మూతిని పైనుంచి చూస్తే, గుండ్రంగా, చిన్నగా, అంచు కాస్త బయటికి ఒరిగి, అలిగిన పిల్ల పెదవులు ఎలా ఉంటాయో అలాగే ఉంటుంది. పక్కనుంచి చూస్తే పొట్ట కనిపిస్తుంది, అది ఉబ్బిన బుగ్గ. ఎటునుంచి చూసినా బుంగే.

కుమ్మరి పని చూసిన వాళ్ళకి ఇది ఇంకా బాగా తెలుస్తుంది. మన వైపు పెద్ద కుండ ఒక్కసారిగా సారె మీద తయారవదు. సారె తిప్పి ముందు మూతీ మెడా తీరుస్తారు. కింద గోడ మందంగా, పొట్టిగానే వదిలేసి సారె మీంచి కోస్తారు. కాస్త ఆరాక ఒడిలోకి తీసుకుని, లోపల ఒక నున్నటి రాయి ఆనించి, బయటనుంచి చెక్కతో తడుతూ తిప్పుతారు. దెబ్బ దెబ్బకీ గోడ పల్చబడుతుంది, పొట్ట పెద్దదవుతుంది, అడుగు మూసుకుంటుంది. మూతి మాత్రం మొదట ఎంత ఉందో అంతే. అంటే కుండకి మూతి ముందు, పొట్ట తర్వాత. పిల్ల కూడా అంతే కదమ్మా! ముందు పెదవులు బిగుస్తాయి, ఆ తర్వాతే బుగ్గలు ఉబ్బుతాయి. ఈ మాట మొదట అన్న వారెవరో గాని, కుమ్మరి వాకిట్లో నిలబడి చూసినవారే అని నా గట్టి నమ్మకం.

ఇందులో ‘మూతి’ కూడా ఊరికే పడలేదు. మనకి నోరు వేరు, మూతి వేరు. తినేది, మాట్లాడేది, పారేసుకునేది నోరు. బయటికి కనిపించేది మూతి. అన్నం నోట్లో పెడతాం, మూతి తుడుస్తాం. ఆవు మూతి, కుక్క మూతి, కోతి మూతి అని జంతువులకి మామూలుగా వాడే మాటని మనిషికి వాడితే అది ముద్దన్నా అవుతుంది, తిట్టన్నా అవుతుంది. కన్నడంలోనూ మూతి అనే మాట ఉంది, వాళ్ళకీ దానిలో ఈ జంతువు వాసన తగులుతుంది. ఛార్లెస్ డార్విన్ 1872లో మనుషుల, జంతువుల ముఖకవళికల మీద పెద్ద పుస్తకమే రాశాడు. అలిగిన పిల్లలు పెదవులు ముందుకి చాచడం ఎన్నో జాతుల్లో కనిపిస్తుందనీ, చింపాంజీ, ఒరాంగుటాన్ పిల్లలు కూడా మొహం మాడ్చుకున్నప్పుడు పెదవులు బాగా ముందుకి సాచుతాయనీ అందులో చెప్పాడు. ఇంగ్లండులో పిల్లల అలకని జంతువు మూతి పేరుతోనే పిలవడం ఉందని కూడా రాశాడు. పర్లాకిమిడి అరుగు మీద కూర్చున్న ముసలమ్మకీ అక్కడి దాదికీ ఒకే పోలిక తట్టడం నాకు చాలా ఇష్టమైన విషయం.

ఒంట్లో జరిగేది కూడా చెప్పేస్తాను. పెదవుల చుట్టూ గుండ్రంగా ఒక కండరం ఉంటుంది, అది బిగిస్తే నోరు ముడుచుకుంటుంది. కింది పెదవి కింద, గడ్డంలో ఇంకో చిన్న కండరం ఉంటుంది. అది కింది పెదవిని పైకీ ముందుకీ నెడుతుంది. అది పనిచేస్తున్నప్పుడు గడ్డం మీద చర్మం గుంటలు గుంటలుగా ముడతపడుతుంది. ఈసారి మీ మనవరాలు అలిగినప్పుడు గడ్డం చూడండి. అక్కడ ముడత ఉంటే ఏడుపు దగ్గర్లో ఉందని లెక్క. ముడత లేకుండా బుగ్గలు మాత్రమే ఉబ్బి ఉంటే ఇంకా బేరానికి టైముంది.

ఇప్పుడు నేను గట్టిగా చెప్పదలుచుకున్న సంగతి. బుంగమూతి కోపం మొహం కాదు. నిఘంటువులు, ఇప్పుడు ఫోన్లలో వచ్చే అనువాదాలు ‘కోపంతో ఉన్న ముఖం’ అని తేల్చేస్తుంటాయి, నాకు మనసు నొచ్చుకుంటుంది. తెలుగులో కోపం మొహాలు ఎన్ని లేవు? నిజంగా మండిపోతే మొహం కందగడ్డ అవుతుంది, జేవురిస్తుంది. లోపల ఉడుకుతూ పైకి మాటలు విసిరితే చిటపటలాడటం. నచ్చని వాసనో నచ్చని మనిషో ఎదురైతే మొహం చిట్లిస్తాం. ఎదుటివాళ్ళ గొప్ప ఓర్వలేకపోతే మూతి విరుస్తాం. ఆశపడ్డది దొరక్కపోతే మొహం మాడుతుంది. ఇవన్నీ ఎవరి ఎదుటైనా జరుగుతాయి. బస్ కండక్టర్ మీద, ఆఫీసు గుమాస్తా మీద, ముక్కూమొహం తెలియని వాడి మీద కూడా మొహం చిట్లించవచ్చు. బుంగమూతి మాత్రం తెలియనివాళ్ళ దగ్గర పెట్టలేం. ‘తహసీల్దారు దగ్గర బుంగమూతి పెట్టాను’ అని అని చూడండి, నవ్వొస్తుంది. మన దగ్గరికొచ్చి గడ్డం పట్టుకుని బతిమాలే మనిషి ఇంట్లో ఉన్నప్పుడే ఆ మూతి వస్తుంది. అమ్మమ్మ ఉంది, నాన్న ఉన్నాడు, మొగుడున్నాడు, అన్న ఉన్నాడు, అందుకని వస్తుంది.

క్రియ కూడా చూడండి. మొహం దానంతట అది మాడుతుంది, దానంతట అది జేవురిస్తుంది. బుంగమూతిని మాత్రం మనం ‘పెడతాం’. పెట్టడానికి చూసేవాళ్ళు కావాలి. గదిలో ఒంటరిగా కూర్చుని ఎవరూ బుంగమూతి పెట్టరు. మీ మనవరాలు గుమ్మంలోనే కూర్చుందని రాశారు చూడండి, అటు వంటగదిలోకీ ఇటు వాకిట్లోకీ కనిపించే చోట.

కోడలు చెప్పిన ఒడియా మాటకి వద్దాం. ‘ముహఁ ఫులేఇబా’ అంటే మొహాన్ని ఉబ్బించడం. మరాఠీ వాళ్ళు బుగ్గలు ఉబ్బించుకుని కూర్చోవడం అంటారు, అలకలన్నిటికీ కలిపి ‘రుసవా ఫుగవా’ అని వాళ్ళకో జంట మాట ఉంది. ఫుగణే అంటే ఉబ్బడం. నాందేడ్ జిల్లా ధర్మాబాద్ వైపు తెలుగువాళ్ళు ఆ మాట వింటూనే ఉంటారు. అందరూ చూసింది ఉబ్బునే. పాత్ర పేరు చెప్పి ఆ ఉబ్బుకి ఒక ఆకారం ఇచ్చింది మాత్రం తెలుగు. అదొక్కటే తేడా.

ఒడియాలో దీని కింద ఇంకో మాట ఉంది, మీ కోడలిని అడిగితే చెబుతుంది, ‘రుషిబా’. అలగడం. సంస్కృతంలో రుష్ అంటే కోపించడం. అదే మూలం నుంచి మనకి రోషం వచ్చింది. చూడండి, మన దగ్గరికి వచ్చేసరికి అది మీసం మెలేసే మాట అయింది. ఒడియాలో, మరాఠీలో మెత్తబడి ఇంట్లో అలకగా మిగిలింది. ‘అభిమానం’ సంగతి ఇంతకన్నా చిత్రం. మనకి అభిమానం అంటే ప్రేమ, లేదా ఆత్మగౌరవం. ఒడియాలో ‘అభిమాన’ అంటే దగ్గరివాళ్ళ మీద మనసు నొచ్చుకుని అలగడం. మా కోడలికి నా మీద అభిమానం అని మీరు వియ్యాలవారి ఇంట్లో గర్వంగా చెబితే, వాళ్ళు ‘ఏం జరిగింది?’ అని కంగారు పడతారు. రెండు భాషల ఇళ్ళలో ఇది తెలిసి ఉండటం మంచిది.

అలకకి ఒడియా వాళ్ళిచ్చిన మర్యాద మాత్రం నాకు ఎంతో గొప్పగా అనిపిస్తుంది. పూరీలో జగన్నాథుడు అన్నతో, చెల్లెలితో కలిసి రథమెక్కి గుండిచా మందిరానికి వెళతాడు, లక్ష్మిని తీసుకెళ్ళడు. హేరా పంచమినాడు ఆవిడ వెతుక్కుంటూ వెళ్ళి, కోపం పట్టలేక ఆయన నందిఘోష రథంలో ఒక ముక్క విరగ్గొట్టి వస్తుంది. ఆయన తిరిగొచ్చే నీలాద్రి బిజేనాడు గుడి తలుపు వేసేస్తుంది. అప్పుడు జగన్నాథుడు రసగోలా ఇచ్చి బతిమాలి లోపలికి వెళతాడు. ఏటేటా జరిగే సేవ ఇది. ఒడిశా రసగోలాకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చినప్పుడు పత్రికల్లో ఈ ఆచారం మళ్ళీ మళ్ళీ ప్రస్తావనకి వచ్చింది. మన వైపు సత్యభామ ఉండనే ఉంది. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో తూర్పు భాగోతం కట్టినప్పుడు భామ వేషగాడు జడ పట్టుకుని ఆ అలక నిలబెడితే, మద్దెల దెబ్బకి జనం కదిలేవారు కాదు. దేవుడైనా సరే, అలిగిన ఇల్లాలిని వచ్చి బతిమాలాల్సిందే అని రెండు భాషల వాళ్ళూ ఒప్పుకున్నారు.

మీ కోడలికి ఇదంతా చెప్పండి. చెప్పేటప్పుడు వీలైతే ఒక ఇత్తడి బుంగ ఎదుట పెట్టండి. స్టీలు బిందె పనికిరాదు, దానికి మెడ తీరు వేరు. ఆ పిల్లకి తెలుగు మాట వంద ఏళ్ళకైనా మరుపు రాదు.

ప్రశ్న: ముసిముసి నవ్వులో ‘ముసి’ అంటే ఏమిటి? హైదరాబాదు మూసీ నదికి దీనితో ఏమైనా సంబంధం ఉందా? మా బరంపురంలో తెలుగువాళ్ళం చిరునవ్వునీ ముసిముసి నవ్వునీ కలిపేసి వాడుతున్నాం, అది సరేనా?
– ఒక పాఠకుడు, బరంపురం

జవాబు: నదికి సంబంధం లేదు బాబూ. ‘ముసి’ని ముసుగు, ముసురు అనే మాటల పక్కన పెట్టి చదువుకోండి, దాని స్వభావం తెలుస్తుంది. ముసుగు కప్పేది, ముసురు ఆకాశాన్ని కప్పేసేది. ముసిముసి నవ్వులో నవ్వుని లోపలే కప్పిపెట్టాలని చూస్తాం, అది పెదవుల దగ్గర కాస్త బయటపడుతుంది.

మన జంటమాటల నవ్వుల్లో చాలా వరకు చప్పుడు నుంచి పుట్టినవే. పకపక, కిలకిల, ఇకఇక, అన్నీ చెవికి వినపడేవి. ముసిముసిలో చప్పుడు లేదు, కంటికే కనపడుతుంది. నాకు ఈ మాట మీద గౌరవం అందుకే.

చిరునవ్వుకీ దీనికీ తేడా ఉంది. చిరు అంటే చిన్న. చిరునవ్వులో దాపరికం లేదు, ఎదురుగా వచ్చిన వాళ్ళకి ఇచ్చేసేదే. బ్యాంకులో గుమాస్తా చిరునవ్వుతో పలకరించవచ్చు, ముసిముసిగా నవ్వితే మాత్రం మీ జుట్టు చెదిరిందేమో చూసుకోవాలి. పెళ్ళిచూపుల్లో పిల్ల ముసిముసిగా నవ్వుతుంది, ఎందుకంటే లోపల ఒక సంగతి ఉంది. కాబట్టి కలిపి వాడకండి.

మన పూర్వులు నవ్వుల్ని ఇంతకన్నా సన్నంగా విడదీశారు. భరతుడి నాట్యశాస్త్రంలో ఆరు రకాలున్నాయి: స్మితం, హసితం, విహసితం, ఉపహసితం, అపహసితం, అతిహసితం. మొదటి రెండూ ఉత్తములవి, మధ్య రెండూ మధ్యములవి, చివరి రెండూ అధములవి అని పంచాడు. స్మితంలో బుగ్గలు కొద్దిగా విచ్చుకుంటాయి, పళ్ళు కనపడవు. హసితంలో పళ్ళు కొద్దిగా కనపడతాయి. మన చిరునవ్వు స్మితానికి సరిపోతుంది. విరగబడి నవ్వేవాడిని అధముడనడం మాత్రం నాకు ససేమిరా ఇష్టం లేదు. మా వీధిలో అలా నవ్వే మనుషుల కన్నా మంచివాళ్ళని నేను చూడలేదు.

నవ్వు అనే మాటకి పాత రూపం నగు. తమిళంలో, కన్నడంలో ఇప్పటికీ నగు ఉంది. మనకి పద్యాల్లో నగవుగా, వాడుకలో నగుబాటుగా మిగిలింది.

ప్రశ్న: ఆరో తరగతి చదివే మా అబ్బాయి వ్యాసంలో ‘మా చెల్లి బుంగమూతి పెట్టింది’ అని రాస్తే, ఉపాధ్యాయులు ఎర్ర సిరాతో కొట్టేసి ‘ఆగ్రహించినది’ అని దిద్దారు. పల్లెటూరి మాటలు రాయకూడదన్నారట. వాడు ఇంక తెలుగులో రాయనంటున్నాడు. ఏం చెప్పాలి?
– ఒక తండ్రి, కాశీనగర్

జవాబు: అబ్బాయి రాసింది సరైన తెలుగు అని చెప్పండి. నేను చెప్పానని చెప్పండి. చెల్లెలు ఆగ్రహించదు. దుర్వాసుడు ఆగ్రహిస్తాడు. ఆ దిద్దుబాటులో మాట మారడంతో పాటు ఆ పిల్ల మొహమే మారిపోయింది.

గిడుగు రామమూర్తి గారు 1880లో బడిపంతులుగా వచ్చిన ఊరు మా పర్లాకిమిడి. 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. ఇక్కడి కొండల మీది సవరల దగ్గర కూర్చుని వాళ్ళ భాష నేర్చుకున్నారు, ఆ భాషకి వ్యాకరణం, నిఘంటువు రాశారు. లిపి లేని భాష మాట్లాడే మనిషి నోటి మాటకే అంత విలువ ఇచ్చిన ఆయన, తెలుగు పిల్లలు తమ నోటి మాట విడిచిపెట్టి ఎవరూ మాట్లాడని తెలుగు బడిలో రాయాల్సి రావడం చూసి ఊరుకోలేకపోయారు. 1919లో ‘తెలుగు’ అనే పత్రిక పెట్టి మరీ వాదించారు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడి పర్లాకిమిడి అందులో కలిసినప్పుడు ఆయన ఊరొదిలి రాజమండ్రి వెళ్ళిపోయారు. ఆయన పుట్టినరోజునే మనం తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటున్నాం. అలాంటి ఆయన తిరిగిన జిల్లాలో, ఇంట్లో తెలుగు, బయట ఒడియా, పరీక్షల్లో ఇంగ్లీషు నెట్టుకొస్తున్న పిల్లాడు ఒక నిండైన తెలుగు మాట పట్టుకొచ్చి రాస్తే, దానికి ఎర్ర గీత పడటం నాకు నిజంగా బాధ కలిగించింది.

ఉపాధ్యాయుల మీద కోపం పెట్టుకోకండి. మన వైపు తెలుగు చెప్పేవాళ్ళు దొరకడమే కష్టమైపోయింది, వాళ్ళని పోగొట్టుకోకూడదు. మీరే ఒకసారి వెళ్ళి మాట్లాడండి. ఏవి మార్చాలో, ఏవి మార్చకూడదో తేడా ఉంది. ‘ఎట్టీసింది’ అని రాస్తే ‘పెట్టింది’ అని దిద్దడం న్యాయమే, పదిమంది చదవాలి కదా. బుంగమూతి అలాంటిది కాదు. శ్రీకాకుళం నుంచి చిత్తూరు దాకా తెలిసిన మాట అది, దాన్ని కొట్టేస్తే ఆ చోట పెట్టడానికి ఇంకో మాట లేదు. అలక దగ్గరికి వస్తుంది గానీ, అలకకి మొహం కనపడదు.

అబ్బాయిని ఇంకో వ్యాసం రాయమనండి. ఇంట్లో ఎవరెవరు అలిగితే ఎవరి మొహం ఎలా ఉంటుందో రాయమనండి. తాతగారి నొసలు, అమ్మ మౌనం, చెల్లి బుగ్గలు. నాకు పంపితే చదివి జవాబు రాస్తాను.

ప్రశ్న: ‘మొహం గంటు పెట్టుకుని’ అంటారు. గంటు అంటే కత్తి గాటా?
– ఒక పాఠకురాలు, రాయగడ

జవాబు: కాదమ్మా. గాటు పెట్టే గంటు మనకి ఉంది, కానీ ఈ మొహంలోని గంటుకి ముడి అని అర్థం చెప్పుకుంటేనే కుదురుతుంది. కన్నడం వాళ్ళు ఇప్పటికీ ముడిని గంటు అంటారు, మొహం ముడుచుకోవడాన్ని ‘ముఖ గంటిక్కు’ అంటారు. కనుబొమలు ముడిపడటం, నొసలు ముడివేయడం అని మనం వేరే మాటలతో చెప్పేదీ అదే. సంస్కృతంలో భ్రుకుటి. బుంగమూతిలో పని అంతా పెదవుల దగ్గర, బుగ్గల దగ్గర జరుగుతుంది. గంటు పెట్టుకున్న మొహంలో కనుబొమల మధ్య జరుగుతుంది. ఇది పెద్దవాళ్ళ మొహం, ఒకోసారి రోజుల తరబడి ఉండిపోతుంది. ‘పెట్టుకుని’ అనే అంటాం చూడండి, ఎవరికో చూపించడానికి పెట్టింది కాదు, తనకి తాను పెట్టుకున్నది.